జోడు తప్పిన యెద్దు: రాయచూరు సీమలో దాని పోషణము

హితోపదేశములోని సుహృద్భేదము వర్ధమానుడను వర్తకుని బండితో మొదలగును. ఆ బండికి నందకము, సంజీవకము అను రెండెద్దులు. అడవి త్రోవలో సంజీవకము మోకాలు విరిగి కూలబడినది. వర్తకుడు దానిని అచ్చటనే విడిచి, ధర్మపురమను పట్టణమునకు పోయి, బలిసిన వేఱొక యెద్దును తెచ్చి, కాడికి కట్టుకొని సాగిపోయెను. పిదప కథయంతయు సంజీవకము వెంటనే నడచును. అది కోలుకొనుట, సింహముతో దాని చెలిమి, నక్కల కొండెములు, ఇవి చిన్నయసూరి నీతిచంద్రిక చదివిన తెలుగువారందఱకును తెలిసినవే. మఱి నందకమేమాయెను? ఏండ్ల తరబడి మెడకు మెడ చేర్చి నడచిన జోడు అడవిలో పడియుండగా, ఎన్నడును చూడని యెద్దు ప్రక్కన బండి లాగిన ఆ రెండవ పశువును గూర్చి కథకుడు మఱి నోరు మెదపడు. రైతునకు మాత్రము ఆ ప్రశ్నయే ముఖ్యమైనది. మిగిలిన యెద్దుతోనే గదా అతని రేపటి సేద్యము.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు జిల్లా 1956 నవంబరు 1 వఱకు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆనాడు మైసూరు రాష్ట్రమున చేరి నేడు కర్ణాటకములో నున్నది. ఇచ్చటి తెలుగువారు రెండు తెఱగులవారు. గద్వాల, కర్నూలు సీమల సరిహద్దు పల్లెలలో తరతరములుగా నుండి, తెలుగును కన్నడమును ఒకే నోట పలుకువారు కొందఱు. 1953 తరువాత తుంగభద్ర నీటిని నమ్ముకొని కోస్తా జిల్లాలనుండి వచ్చి, సింధనూరు, మానవి ప్రాంతములలో క్యాంపులు కట్టుకొన్నవారు కొందఱు. క్యాంపుల మాగాణిలో ట్రాక్టరు ఎద్దును చాలవఱకు తొలగించినది. నీరందని మెట్టలో, ముఖ్యముగా నల్లరేగడి చేలలో, గుంటక తోలుటకును సాళ్ల నడుమ కలుపు తీయుటకును ఎద్దులు నేటికిని కనబడుచున్నవి. నాలుగైదెకరముల రైతునకు ఒక జత యెద్దులు చాలును. అందొకటి పోయినచో రెండును పోయినట్లే.

ఈ సీమకు కాడి పశువులతోడి సంబంధము క్రొత్తది కాదు. రాయచూరు కోట పడమటి గోడలో నలువది అడుగులకు మించిన పొడవుగల రాతిపలక యొకటి కలదు. దానిపై కాకతీయుల కాలమునాటి, 1294వ సంవత్సరపు తెలుగు శాసనము చెక్కబడినది. ఆ దాపుననే, అంతటి రాతిని బండిపై నెక్కించి పశువులచేత లాగించుచున్న దృశ్యమును గీతలలో చూపినారు. కోట కట్టించినవారి పేర్లు అక్షరములలో నిలిచినవి. రాతిని లాగిన పశువులకు ఆ గీతలే శాసనము.

జోడు అనునది ఇచ్చటి రైతు భాషలోనే పాతుకొనియున్నది. సేద్యమును ఎద్దుల లెక్కన గాక కాండ్ల లెక్కన చెప్పుదురు. రెండు కాండ్ల సేద్యమనగా నాలుగెద్దులని అర్థము. జతలో ఎడమవైపు నడచునది దాపటెద్దు, కుడివైపు నడచునది వలపటెద్దు. బలమున, ఎత్తున, నడకన సరితూగిన దానిని ఉజ్జీ అందురు. కన్నడిగుల జోడెత్తు మన జోడెద్దే. వారు కాడిని నొగ అందురు, మనము బండి పోలుగఱ్ఱను నొగ అందుము; పల్లెలో రెండు భాషలవారు ఒకే బండిని కట్టునప్పుడు ఈ మాట కొంత నవ్వు పుట్టించును. జ్యేష్ఠ పున్నమి తెలుగువారికి ఏరువాక పున్నమి, కన్నడిగులకు కారహుణ్ణిమె. ఆనాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి ఊరేగింతురు. ఆ నెల అమావాస్యనాడు మట్టితో ఎద్దులను చేసి పూజింతురు. దానికి మణ్ణెత్తిన అమావాస్య యని పేరు. మట్టియెద్దులనైనను జతగానే చేయుదురు. ఇక తెలుగులో 'ఒంటెద్దు పోకడ' అనునది ఎవరిమాటయు విననివానిని నిందించు పలుకుబడి. ఈ నింద ఎద్దునకు తగినది కాదు. జోడు తప్పిన యెద్దు తన యిచ్చవచ్చినట్లు పోవునది కాదు. ఎటు పోవలయునో తెలియక నిలిచిపోవునది.

జోడు చచ్చిన తరువాతి దినములలో మిగిలిన యెద్దు తీరు ఒక్కచోట ఒక్క విధముగా నుండును. కొన్ని మాటిమాటికి అఱచును. ఖాళీ కట్టుకొయ్యవైపు మెడ త్రిప్పి నిలుచును. గాడిలో తన ప్రక్క చొప్ప తిని, జోడు ప్రక్కది ముట్టక విడుచును. కొన్ని రాత్రి పండుకొనక నిలుచుండియే తెల్లవార్చును. కొన్ని కొట్టములో మామూలుగనే తినును, నెమరు వేయును, కాని కాడి క్రింద నిలిపినప్పుడు లేని జోడువైపునకు ఒఱగి నడచును. ముల్లుగఱ్ఱ తగిలినను అడుగు తిన్నగా వేయదు. ఏ మార్పును చూపని యెద్దులును కలవు. ప్రతి యెద్దును కన్నీరు కార్చవలయునని నియమమేమియు లేదు. అట్టిదానిని చూచి 'దీనికి మనసు లేదు' అనుటయు, కంట నీరు తిరిగినదానిని చూచి మనిషివలె ఏడ్చినదని చెప్పుటయు రెండును తొందరపాటులే. పశువు కంట నీరు దుమ్మువలనను, ఈగలవలనను, కంటి జబ్బువలనను కూడ కారును.

రైతులు దీనికంతటికి 'బెంగ పెట్టుకొన్నది' అని ఒకే మాట వాడుదురు. అమ్మమ్మ యింటినుండి వచ్చిన పిల్లవానికిని ఇదే మాట. మాట చక్కనిదే గాని, దానిలో మూడు వేర్వేఱు సంగతులు కలిసియున్నవని తెలిసికొన్ననే పోషణము సరిగా సాగును. మొదటిది మందపశువునకు ఒంటరితనమువలన కలుగు భయము. గోజాతి యంతయు మందలో బ్రతికినది; కనుచూపు మేరలో తన జాతి పశువు లేకున్న దానికి గుండె వేగము పెరుగును, అఱపు హెచ్చును. రెండవది ఫలానా పశువుపై గల మాలిమి. మూడవది కాడి అలవాటు. ఏండ్ల కొలది ఒక ప్రక్కనుండి ఒక మెడ బరువు, ఒక అడుగు చప్పుడు, ఒక శ్వాస తెలియుచు నడచిన దేహమునకు ఆ ప్రక్క ఒక్కసారి శూన్యమైనది. మొదటిదానికి ఏ పశువు తోడైనను కొంత మందు. రెండవదానికి కాలము కావలయును. మూడవదానికి క్రమమైన శిక్షణము కావలయును. ఈ మూడింటికిని ఒకే దినమున, ఒకే సంతలో, ఒకే బేరముతో మందు కొనవచ్చుననుకొనుటయే మన సీమలో తఱచుగా జరుగు పొరపాటు.

తోడు అందఱకును ఒక్కటి కాదనుటకు దేశాంతరములలో జరిగిన పరిశీలనలు కొంత ఆధారమిచ్చును. దక్షిణ అమెరికా మూలముగాగల గినీపంది యను చిన్న జంతువును పెక్కుదేశములలో ఇండ్లలో పెంచుదురు. జర్మనీలోని మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయమునకు చెందిన నార్బర్ట్ జాక్సర్, అతని తోడివారు మగ గినీపందులను క్రొత్త పంజరములో నుంచి, కలవరమునప్పుడు రక్తములో పెరుగు కార్టిసాల్ అను ద్రవ్యమును కొలిచిరి. ఒంటిగా నున్నప్పుడు అది మిక్కిలి పెరిగినది. తాను మాలిమియైన ఆడుది ప్రక్కన నున్నప్పుడు ఆ పెరుగుదల చాల తగ్గినది. పరిచయము లేని ఆడుది గాని, ముఖపరిచయము మాత్రమే గలది గాని ప్రక్కన నున్నను అంతటి మేలు కలుగలేదు. 2008 నాటి స్విట్జర్లండు జంతుసంరక్షణ నిబంధనలు గినీపంది వంటి సంఘజీవులను ఒంటరిగా పెంచరాదని విధించినవి. రెంటిలో నొకటి చచ్చినప్పుడు మిగిలినదానికి తోడు నెట్లు కూర్చవలయునను ప్రశ్న అచ్చట ఇంటింటి ప్రశ్నయైనది. ఎరువుగా ఇచ్చి పుచ్చుకొను ఏర్పాటును అచ్చట కలదు. గోజాతి విషయమున ఇంగ్లండులోని నార్తాంప్టన్ విశ్వవిద్యాలయమున క్రిస్టా మెక్‌లెన్నన్ చేసిన పరిశీలన ఇట్టిదే. ఆవులను మందనుండి వేఱుచేసి కొంతసేపు కట్టినప్పుడు, తమకిష్టమైన తోడుతో నున్నవాటి గుండె వేగము తక్కువగను, తెలియని ఆవుతో నున్నవాటి గుండె వేగము ఎక్కువగను ఉన్నది. ఈ సంగతి మన పాలేర్లకు కొలతలు లేకుండగనే తెలియును. కొట్టములో ఏ పశువు ఏ పశువు మెడ నాకునో వారినడిగిన తడుముకొనక చెప్పుదురు.

అయితే బెంగను గూర్చి తలచుటకు ముందు రోగమును గూర్చి తలపవలయును. ఇది కఠినముగా తోచినను తప్పదు. జోడు ఏ జబ్బున చచ్చినదో ఆ జబ్బే మిగిలిన యెద్దులో పొంచియుండవచ్చును. రెండును ఒకే గాడిలో తిన్నవి, ఒకే తొట్టిలో త్రాగినవి గదా. తొలకరి వేళల గొంతువాపు ఒకటి రెండు దినములలోనే ప్రాణము తీయును. గాలికుంటునకు చికిత్సకంటె ముందుగా వేయించు టీకాయే ముఖ్యము. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమమున ఈ టీకా ఉచితముగా వేయబడుచున్నది. 2022లో కర్ణాటక పల్లెలను పీడించిన ముద్ద చర్మ వ్యాధి సోకిన పిదప బయటపడుటకు నాలుగు వారముల వఱకు పట్టవచ్చును. కావున మేత మానిన యెద్దును 'బెంగ' యని విడువక, ఉదయము చల్లని వేళ జ్వరము చూడవలయును. 101 మొదలు 102 డిగ్రీల ఫారెన్‌హీటు మామూలు వేడి. 103 దాటినచో అది బెంగ కాదు. ఎడమ డొక్కపై అఱచేయి నొక్కియుంచినచో లోపలి పొట్ట కదలిక తెలియును. రెండు నిమిషములలో సుమారు మూడు మార్లు కదలవలయును. కదలిక నిలిచినను, ఒక పూట మొత్తము నెమరు వేయకున్నను పశువైద్యుని పిలువవలసినదే. కర్ణాటకమున సంచార పశువైద్యశాలకు 1962 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును.

మిగిలిన యెద్దునకు జోడు శవమును చూపవలయునా యని కొందఱడుగుదురు. పశువు వాసన చూచి గ్రహించును, పిదప వెదకుట తగ్గును అని పెంపకందార్లు పెక్కుమంది నమ్మకము. పాముకాటున గాని, పిడుగుపాటున గాని, ముసలితనమున గాని చచ్చినప్పుడు కొంతసేపు దాపున నిలుపుటలో హాని లేదు. అంటురోగమైనచో మాత్రము దగ్గఱకు పోనీయరాదు. ముఖ్యముగా, ఆరోగ్యముగా నున్న పశువు హఠాత్తుగా చచ్చి, ముక్కునుండియు పాయువునుండియు నల్లని గడ్డకట్టని రక్తము కారినచో అది దొమ్మ కావచ్చును. దాని బీజములు నేలలో దశాబ్దములు నిలుచును, మనుష్యులకును సోకును. అట్టి శవమును కోయరాదు, తోలు తీయరాదు. లోతైన గోతిలో సున్నముతో పూడ్చవలయును. చచ్చినదాని పలుపును, పట్టెడను ముచ్చటపడి దాచి క్రొత్తదానికి కట్టుటయు ఇట్టి రోగములలో కూడదు.

రోగము లేదని తేలిన పిదప మొదటి వారము చేయవలసిన పనులు చిన్నవి. ఎద్దును దాని పాత స్థలముననే కట్టవలయును. జోడు స్థలము చూచి బెదరునని మఱియొక చోటికి మార్చినచో, తోడుతోపాటు చోటును పోగొట్టుకొన్నదగును. ఖాళీ కొయ్యవద్ద ఇంటి ఆవునో, దూడనో, బఱ్ఱెనో కట్టవచ్చును. ఏ పశువును లేని యింట మేకయైనను మేలే. చీకటిలో నెమరువేయు చప్పుడు వినబడుట కొట్టమునకు కొంత సందడి. మేత అలవాటైన జొన్నచొప్పయే వేసి, కొంచెము పచ్చిమేతయు, వేరుశనగ కట్టెయు కలిపి, కొద్దికొద్దిగా మాటిమాటికి పెట్టవలయును. ఇచ్చట ప్రేమవలననే కీడు జరుగుట కలదు. ఎద్దు తినుట లేదని జాలిపడి జొన్నపిండియు, గంజియు, రొట్టెలును దండిగా తినిపింతురు. చొప్పకు అలవాటుపడిన పొట్టలో ఒక్కసారిగా పడిన పిండి పులిసి, ఆమ్లము పెరిగి, ఎద్దును నిజముగనే పడగొట్టును. ఉప్పును, చల్లని నీరును ఎన్నడును తక్కువ కాకూడదు. ప్రతిదినము అదే మనిషి, అదే వేళకు, మెడను మూపును మాలీసు చేసినచో జోడు నాకుడు తప్పిన లోటు కొంత తీరును. నాకబడు పశువునకు గుండె నెమ్మదించునని పరిశోధకులు చూచియున్నారు. మనిషి చేయి ఆ నాలుకకు సాటి రాదు గాని, శూన్యముకంటె మేలు.

పనిని పూర్తిగా మాన్పించుటయు మంచిది కాదు. కాడి లేకుండ, పగ్గము పట్టి, రోజూ నడచు దారినే చెఱువువఱకు నడిపించి తెచ్చుట చాలును. ఒఱగి నడచు అలవాటు ఆ నడకలోనే మొదట సడలును.

అసలు చిక్కు ఇక్కడ వచ్చును. రేగడినేలలో వాన పడినప్పటినుండి పదను ఆరువఱకు గల దినములు కొద్ది. ఆ కొద్ది దినములలో విత్తకున్న పంట తప్పును. జ్యేష్ఠములో ఎద్దు చచ్చిన రైతు దానిని పూడ్చిన మఱునాడే సంతకు పరుగెత్తుట అందువలననే. దళారి ఆ తొందరను దూరమునుండియే పసిగట్టును. కొన్న యెద్దును ఇంటికి తోలుకొని వచ్చి, మఱునాటి తెల్లవాఱుజామున కాడి కట్టుదురు. రెండును పొడుచుకొనును, ఒకటి ముందుకు లాగును, ఒకటి వెనుకకు తగ్గును, మెడ పుండగును. పది దినములలో క్రొత్తది మంచిది కాదని సగము ధరకు అమ్మివేయుదురు, లేక పాతదే పాడైనదని దానిని అమ్మివేయుదురు. ఏండ్ల తరబడి పనిచేసిన యెద్దు ఇంటిని విడుచుట చాలమాఱులు చావువలన గాక ఈ పది దినముల తొందరవలన జరుగుచున్నది. కావున ఆ ఒక్క విత్తనమునకు బాడుగ ట్రాక్టరునో, చుట్టము జతనో తెచ్చుకొనుట నష్టముగా కనబడినను, లెక్క చూచినచో అదే లాభము. బాడుగ ఒక మాఱు ఇచ్చునది. చెడిన జోడు ఏటేట బాధించును.

జోడును ఎన్నుకొనుటలో పండ్లు, ప్రక్క, పరిమాణము అను మూడును చూడవలయును. రెండు పండ్ల యెద్దు రెండు రెండున్నర యేండ్లది, నాలుగు పండ్లది మూడేండ్ల ప్రాయపుది, నోరు కూడినది అయిదేండ్లకు దగ్గఱిది, ఆపై వయసు పండ్ల అరుగుదలనుబట్టి ఊహింపవలసినదే. పదేండ్ల యెద్దు ప్రక్కన రెండు పండ్ల కోడెను కట్టుట ఇద్దఱకును శిక్ష. మిగిలినది దాపటెద్దయినచో వలపట నడచినదానినే వెదకవలయును. చౌకగా దొరకినదని మఱియొక దాపటెద్దును కొని, పాతదాని ప్రక్క మార్చినచో, జోడు పోయిన యెద్దునకు దిక్కును పోయినట్లగును. జాతి విషయమున పట్టుదల అంత అక్కఱలేదు. ఒంగోలు ఎద్దునకు ఒంగోలే కావలయునని క్యాంపులలో కొందఱు పట్టుబట్టుదురు. ఎత్తును, అడుగు పొడవును సరిపడిన పక్షమున ఖిల్లారీయైనను నడచును. పొడవు కాళ్ల ఖిల్లారీ వడిగా నడచును, బరువైన ఒంగోలు నిదానముగా లాగును. ఆ వడి భేదమే చూడవలసినది, రంగు కాదు. ఉజ్జీ దొరకుటయు నానాటికి కష్టమగుచున్నది. 2012 పశుగణనకును 2019 పశుగణనకును నడుమ దేశములో మగ గోజాతి పశువుల సంఖ్య నూటికి ముప్పది వంతున తగ్గినది.

క్రొత్త యెద్దును తెచ్చిన వెంటనే పాతదానితో కట్టరాదు. మూడు నాలుగు వారములు వేఱు గాడి, వేఱు తొట్టి ఉండవలయును. ఇది రోగభయమువలన. అయినను ఒకదానినొకటి చూచునంత దూరములో కట్టవచ్చును, కట్టవలయును కూడ. ఆ చూపులోనే సగము పరిచయము జరుగును. గడువు తీరిన పిదప గాడికి రెండు చివరల మేత వేసి, దినదినము దూరము తగ్గింపవలయును. కొమ్ములు త్రిప్పుట, తోయుట మొదటి దినములలో సహజము. ఎవరిది పైచేయియో తేల్చుకొనుట అది. నెత్తురు రానంతవఱకు మనిషి నడుమ దూఱరాదు. ఒకటి మెడ చాచగా మఱియొకటి నాకిన దినమున కాడి ముచ్చట తలపవచ్చును.

కాడి తొలుత ఖాళీగా మోపి, సాయంకాలము కొంతసేపు నడిపింపవలయును. పిమ్మట ఖాళీ బండి, ఆపై దున్నిన మెత్తని చేలో తేలిక గుంటక. బరువు పంపకములో ఒక చిన్న కీలు కలదు. ఎద్దు ఎడతెగక లాగగల బరువు దాని దేహభారములో సుమారు పదవ వంతు. నన్నూఱు కిలోల యెద్దులు రెండు కలిసి ఎనుబది కిలోల లాగుడును ఓర్చును. మెడకు మెడకు 40 అంగుళముల దూరముగల కాడిలో నడిమి కట్టు సరిగా నడుమ నున్నచో చెఱి నలుబది. ఆ కట్టును ఒక యెద్దువైపునకు 2 అంగుళములు జరిపినచో ఆ యెద్దుపై 44 కిలోలు, రెండవదానిపై 36 కిలోలు పడును. తేడా చూచుటకు కొంచెమే, దినమంతయు లాగినప్పుడు చాల ఎక్కువ. రైతులు సాధారణముగా క్రొత్తదానిని లేబ్రాయపుదని తలచి దానికి తేలిక చేయుదురు. జోడు తప్పి, మేత తప్పి, రెండు మూడు వారములు చిక్కిన పాత యెద్దునకే మొదటి నెలలో కట్టు అనుకూలముగా నుంచుట మేలు; కండ పట్టిన పిదప మరల నడుమకు తేవచ్చును.

ఉజ్జీ దొరకని రైతునకు, కొనలేని రైతునకు పొత్తు కలదు. ఒంటెద్దులు గల రెండిండ్లవారు కలిసి ఒక కాడి కట్టి, ఒకరి చేను తరువాత ఒకరి చేను దున్నుకొందురు. ఇందు ఎవరి చేను ముందను తగవు మనుష్యులది. ఎద్దులకు సంబంధించినంతవఱకు లోపమొక్కటే: పని లేనప్పుడు వేర్వేఱు కొట్టములలో ఉండుట. వీలయినచో సేద్యకాలమున రెంటిని ఒకే కొట్టములో కట్టి, మేత ఖర్చు పంచుకొనుట మంచిది. ఒంటెద్దు బండియు, ఒంటెద్దు గుంటకయు లేకపోలేదు. సాళ్ల నడుమ కలుపు తీయుటకు అవి చాలును గాని, రేగడిని లోతుగా కదలించుటకు చాలవు. జోడుతో ఏండ్లు నడచినదానికి ఒంటికాడి మరపుటకు ఓర్పు కావలయును.

ఇక పండ్లరిగి, క్రొత్త జోడుతో పోటీపడలేని యెద్దు మాట. దానిని అమ్మబోయినచో ధర లేదు, ఉంచుకొన్నచో మేత ఖర్చు. అయితే కోడెదూడను పనికి మరపువేళ అనుభవముగల యెద్దు ప్రక్కన కట్టుట పాత పద్ధతియే. మాటకు నిలుచుట, చాలు చివర తిరుగుట, బండి దిగుడు దారిలో వెనుకకు ఆపుట, ఇవి కోడెకు ముల్లుగఱ్ఱకంటె ప్రక్కనున్న ముసలియెద్దు బాగుగ నేర్పును. ఖాళీ కాడితో ఉదయము ఒక గంట, సాయంకాలము ఒక గంట నడచిన చాలు గనుక, లాగుటకు బలము తఱిగిన యెద్దయినను ఈ పనికి సరిపోవును. కోడె దాపటిదిగా నడవవలసినదైనచో ముసలియెద్దు వలపటిది కావలయును. పని లేనివేళ రెండును ఒకే గాడివద్ద నుండును. కోడె మొదటి దినములలో చొప్పకై తోసికొని వచ్చును. పెద్దది ఒకటి రెండు మాఱులు కొమ్ము చూపి, పిదప చోటిచ్చును.